రెండు నాలుకల డ్రాగన్: తిరుపతి ఇంట్లో చూసిన వేల్స్ చరిత్ర

మా తమ్ముడి కొడుకు, బ్రిటన్‌లో ఇంగ్లండును ఆనుకుని ఉన్న వేల్స్ దేశపు రాజధాని కార్డిఫ్‌లో చదువుకుంటున్నాడు. నిరుడు బ్రహ్మోత్సవాలకు ఇంటికి వచ్చినప్పుడు, తాను ఉంటున్న దేశం గురించి పెదనాయనకు పెద్దగా ఏమీ తెలియదన్న సంగతి వాడికి రెండో రోజే అర్థమైంది. నేను డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ని. "ఇంగ్లండులో పారిశ్రామిక విప్లవం" అన్న పాఠాన్ని ఇప్పటికీ నోట్సు చూడకుండా చెప్పగలను. "కార్డిఫ్ ఇంగ్లండులోదే కదరా" అని నేను అన్నప్పుడు వాడు నవ్వలేదు, వాదించలేదు. ల్యాప్‌టాప్ తెచ్చి మా టీవీకి తగిలించాడు. అక్కడి కార్యక్రమాలు ఇక్కడికి ఎలా తెచ్చావని నేనూ అడగలేదు. ఆ తరువాత వరుసగా తొమ్మిది రాత్రులు, టీవీలో వాహన సేవ ప్రత్యక్ష ప్రసారం ముగిశాక, నేనూ నా భార్యా, రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరైన పక్కింటి పెద్దాయనా, అప్పుడప్పుడూ ఆయన మనవరాలూ కూర్చుని వేల్స్ చరిత్ర మీద తీసిన డాక్యుమెంటరీలు చూశాం. ఈ సమీక్ష ఆ తొమ్మిది రాత్రుల ఫలితం.

మేము చూసినవాటిలో ప్రధానమైనవి రెండు. మొదటిది 1985లో హెచ్‌టీవీ సంస్థ చానల్ ఫోర్ కోసం తీసిన 'ది డ్రాగన్ హాజ్ టూ టంగ్స్'. ఒక్కొక్కటి అరగంట చొప్పున పదమూడు భాగాలు. రెండవది 2012లో బీబీసీ వేల్స్ ప్రసారం చేసిన 'ది స్టోరీ ఆఫ్ వేల్స్'. గంట చొప్పున ఆరు భాగాలు. ఇరవై ఏడేళ్ల తేడాతో ఒకే చరిత్రను చెప్పిన ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, బయటి ప్రేక్షకుణ్ని ఏది కట్టిపడేస్తుందో, ఏది మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి పంపించేస్తుందో బాగా తెలుస్తుంది.

మొదటిదాని పేరును తెలుగులోకి తెస్తే చిక్కు వస్తుంది. మనకు రెండు నాలుకలవాడంటే మాట మీద నిలబడనివాడు. ఇంగ్లీషులో నాలుక అన్న మాటకే భాష అన్న అర్థం కూడా ఉంది కాబట్టి, వేల్స్ జెండా మీది ఎర్ర డ్రాగన్‌కు వెల్ష్, ఇంగ్లీషు అనే రెండు భాషలున్నాయని ఒక అర్థం. ఆ దేశ చరిత్రను రెండు గొంతులు రెండు విధాలుగా చెబుతాయని మరో అర్థం. ఆ రెండో అర్థమే ఈ ధారావాహికకు ప్రాణం. ఇందులో సమర్పకులు ఇద్దరు. ఒకరు విన్‌ఫర్డ్ వాన్-థామస్. 1943లో బెర్లిన్ మీద బాంబులు వేయడానికి వెళ్లిన లాంకాస్టర్ విమానంలో కూర్చుని బీబీసీ కోసం వ్యాఖ్యానం రికార్డు చేసిన పాత్రికేయుడు, ఈ కార్యక్రమం వచ్చేనాటికి డెబ్బై దాటినవాడు. మరొకరు గ్విన్ విలియమ్స్; ఇనుప కొలిమిల ఊరైన డౌలైస్‌లో పుట్టిన మార్క్సిస్టు చరిత్రకారుడు, మనిషి పొట్టి, మాటలో నత్తి. ఆ నత్తిని ఆయన దాచుకోకపోగా ఆయుధంగా వాడుకుంటాడు: మాట దగ్గర ఆగి, మన చూపును తన మీదికి లాక్కుని, ఆ తరువాత దెబ్బ వేస్తాడు.

వాన్-థామస్ దృష్టిలో వేల్స్ చరిత్ర వేల ఏళ్లుగా తెగకుండా వస్తున్న దారం. విలియమ్స్ దృష్టిలో ఆ దారం ఎన్నోసార్లు తెగింది. తెగిన ప్రతిసారీ వెల్ష్ ప్రజలు తమను తాము కొత్తగా తయారు చేసుకున్నారు. ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డు తగులుతారు, ఎదురెదురుగా నిలబడి గట్టిగానే తగువులాడుకుంటారు. మధ్యవర్తి లేడు. మనకు అలవాటైన చారిత్రక కార్యక్రమాలు, కోటల్లో జరిగే సౌండ్ అండ్ లైట్ ప్రదర్శనలతో సహా, హరికథ పద్ధతిలో నడుస్తాయి: ఒక్క గొంతు చెబుతుంది, మిగిలినవాళ్లం వింటాం. ఇది బుర్రకథ పద్ధతి. అదీ అసలు కథకుడు రాని రోజున ఇద్దరు వంతలే కథను చేతిలోకి తీసుకుని, ఎవరిది నిజమో తేల్చుకోకుండానే తెల్లవార్లూ నడిపించిన బుర్రకథ. ఈ ప్రసారాలతో పాటు వేల్స్‌లో ఊళ్లలో చర్చా బృందాలు కూడా ఏర్పడ్డాయంటే నాకు ఆశ్చర్యం కలగలేదు. మా ఇంట్లోనే మూడో రాత్రికి రెండు పక్షాలు తయారయ్యాయి. నా భార్యది వాన్-థామస్ పక్షం, పక్కింటాయనది విలియమ్స్ పక్షం.

వేల్స్ గురించి ఏమీ తెలియని మా వంటివాళ్లకు ఈ తగువు ఎందుకు నచ్చింది? ఒక్క గొంతుతో చెప్పే చరిత్ర బయటివాణ్ని యాత్రికుణ్ని చేస్తుంది: ఇటు చూడండి, అటు చూడండి, ఇది ఫలానా రాజుగారు కట్టించింది, ముందుకు జరగండి. ఇద్దరు తగువులాడుకుంటున్నప్పుడు మాత్రం బయటివాడికి రచ్చబండ మీద పెద్దమనిషి స్థానం దక్కుతుంది. మనకు తెలియనితనం అక్కడ లోటు కాకపోగా అర్హత అవుతుంది. నేపథ్యం తెలియక మేము కొన్ని చోట్ల తికమకపడిన మాట నిజమే, రికార్డింగు పాతబడి రంగులు వెలసిన మాటా నిజమే. అయినా పదమూడు భాగాల్లో ఒక్కదాన్నీ మధ్యలో ఆపలేదు.

'ది స్టోరీ ఆఫ్ వేల్స్' పూర్తిగా వేరే సరుకు. ఆకాశం నుంచి తీసిన కొండలు, చక్కటి సంగీతం, తొణకని వ్యాఖ్యానం. సమర్పకుడు హ్యూ ఎడ్వర్డ్స్ అప్పట్లో బీబీసీలో ప్రముఖ వార్తా పఠకుడు. 2024లో లండన్ కోర్టులో నేరం ఒప్పుకుని శిక్ష పొందిన మనిషిని ఆరు గంటలపాటు తెర మీద చూడటం అందరికీ సాధ్యం కాకపోవచ్చు. మా తమ్ముడి కొడుకు ఆ సంగతి ముందే చెప్పి, తరువాతే పెట్టాడు. ఆ మనిషిని పక్కనపెట్టి పనిని మాత్రమే చూస్తే, వరుసక్రమం తెలుసుకోవడానికి ఇది మేలైనది. పావిలాండ్ గుహలో 1823లో విలియం బక్‌లాండ్ అనే మతాచార్యుడికి దొరికిన ఎర్ర కావి పూసిన ఎముకల కథ ఒక్కటి చాలు. అవి రోమన్ల కాలపు స్త్రీవని ఆయన అనుకున్నాడు. తీరా చూస్తే దాదాపు 33,000 ఏళ్ల కిందటి యువకుడివి. పేరు మాత్రం నేటికీ 'ఎర్ర మహిళ'గానే ఉండిపోయింది. చరిత్రలో పెట్టిన పేరు తప్పని తేలినా ఊడిరాదని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నా సర్వీసులో నాకు దొరకలేదు.

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. వేల్స్ అన్నది ఆ దేశస్థులు పెట్టుకున్న పేరు కాదు. ఆంగ్లో-సాక్సన్లు పక్కవాళ్లను పరాయివాళ్లు అన్న అర్థంలో పిలిచిన పిలుపు అది. వాళ్లు తమ దేశాన్ని కమ్రి అంటారు, స్వదేశీయులన్న అర్థంలో. తిరుపతివాడికి ఇది వెంటనే తలకెక్కుతుంది. తొల్కాప్పియం తమిళ నేలకు ఉత్తరపు హద్దుగా చెప్పిన వేంగడం మా ఇంటి మేడ మీది నుంచి కనబడే కొండే. ఆ హద్దుకు ఉత్తరాన ఉన్న మనల్ని తమిళులు వడుగులన్నారు, అంటే ఉత్తరాదివాళ్లని. మనకు మనం పెట్టుకున్న పేరు వేరు. నా భార్య పుట్టిల్లు సత్యవేడు దగ్గర. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికీ సత్యవేడు ఆంధ్రప్రదేశ్‌కూ మారినప్పుడు, వాళ్లమ్మ వంటింట్లోంచి కదలకుండానే రాష్ట్రం మారింది. మన్మత్‌షైర్ అనే జిల్లా ఇంగ్లండుదా వేల్స్‌దా అన్న సందేహం 16వ శతాబ్దపు చట్టాల నాటి నుంచి 1972 చట్టం వచ్చేదాకా తేలకుండా నడిచిందని తెలిసినప్పుడు, ఆమెకు నేను వివరించాల్సిన పని పడలేదు.

పక్కింటాయనకు మాత్రం ఈ చరిత్ర మొత్తం మీద ఒక్క తేదీ చాలు: 1804 ఫిబ్రవరి 21. ఆ రోజు మెర్థిర్ టిడ్‌విల్ దగ్గరి పెనిడారెన్ ఇనుప కర్మాగారం నుంచి రిచర్డ్ ట్రెవితిక్ చేసిన ఆవిరి యంత్రం పది టన్నుల ఇనుమునూ డెబ్బై మంది మనుషులనూ పట్టాల మీద లాక్కుంటూ తొమ్మిది మైళ్లకు పైగా వెళ్లింది. ఇద్దరు కర్మాగార యజమానులు కాసిన పందెం కోసం జరిగిన పని అది. బరువుకు పోత ఇనుప పట్టాలు పగిలిపోయాయి. "నలభై ఏళ్లు రైల్లో తిరిగాను, స్టీఫెన్‌సన్ పేరు తప్ప ఈయన పేరు ఒక్కరూ చెప్పలేదే" అని ఆయన నావైపు చూశారు. చెప్పాల్సినవాణ్ని నేనే. ఇంగ్లండు పారిశ్రామిక విప్లవం అని నేను ముప్పై ఏళ్లు చెప్పిన పాఠంలో ఈ ఇనుములోనూ, దాన్ని కరిగించిన బొగ్గులోనూ పెద్ద వాటా వేల్స్‌దే. అదే మెర్థిర్‌లో 1831లో కార్మికులు తిరగబడ్డారు. ఒక సైనికుణ్ని గాయపరిచాడన్న ఆరోపణ మీద డిక్ పెండెరిన్ అనే యువకుణ్ని ఆ ఏడు ఆగస్టు 13న కార్డిఫ్‌లో ఉరితీశారు. 1913 అక్టోబరు 14న సెంఘెనిద్ గనిలో పేలుడు జరిగి 439 మంది గని కార్మికులు చనిపోయారు. మా పాఠ్య ప్రణాళికలో ఈ రెండు ఊళ్లూ లేవు. అడగకుండా చెప్పినవాడు నేనూ కాదు.

కోటల విషయంలో మాత్రం నాకు కొంత నిరాశ కలిగింది. కోట కనిపించగానే కెమెరాకు మోజు పుట్టడం ఎక్కడైనా ఉన్నదే. 1282 డిసెంబరులో వేల్స్ పాలకుడు లెవెలిన్ హతుడైన తరువాత ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ ఉత్తర వేల్స్‌లో కేర్నార్వన్, కాన్వీ, హార్లెక్, బోమారిస్ కోటలను కట్టించాడు. 1986 నుంచి అవి యునెస్కో వారసత్వ కట్టడాలు. చంద్రగిరి కోట ఎక్కి విజయనగర రాజులను తలుచుకుని ఛాతీ విరుచుకునే మనకు, కోట అంటే తాతలు వదిలివెళ్లిన ఆస్తి. వెల్ష్ వారికి అవి తమను అణచడానికి పరాయి రాజు దిగేసిన మేకులు. 18వ శతాబ్దపు రచయిత థామస్ పెన్నంట్ కేర్నార్వన్ కోటను తమ దాస్యానికి గుర్తుగా నిలిచిన అత్యంత ఘనమైన చిహ్నమన్నాడు. ఈ భావం వ్యాఖ్యానంలో వినిపిస్తుంది కానీ దృశ్యంలో కనబడదు. దృశ్యం పర్యాటక శాఖ ప్రకటనలాగే ఉంటుంది. మన జిల్లావాళ్లు వెదుక్కోవలసిన కోట ఇంకొకటుంది, పోవిస్ కోట. 1751లో ఆర్కాటును పట్టి నిలిచిన రాబర్ట్ క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్, 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు, ఆ కోట వారసురాల్ని పెళ్లాడాడు. శ్రీరంగపట్నం పడిపోయాక టిప్పు సుల్తాను గుడారం చేరింది అక్కడికే. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడేదాకా మన ఊళ్లు ఉత్తర ఆర్కాటులోవే. టిప్పు తండ్రి హైదరాలీ 1782లో కన్నుమూసింది చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేటలో. వేల్స్ కొండల నడుమ ఉన్న ఆ కోటను ఎవరు ఎప్పుడు తెర మీద చూపినా మనం బయటివాళ్లం కాదు.

రెబెకా అల్లర్ల కథ దగ్గర ఇంట్లో అందరం నవ్వాం. 1839లో మొదలై నాలుగేళ్లు సాగిన ఈ తిరుగుబాటులో పశ్చిమ వేల్స్ రైతులు రాత్రిపూట ఆడవాళ్ల బట్టలు కట్టుకుని, ముఖాలకు మసి పూసుకుని, నాయకుణ్ని 'రెబెకా' అని పిలుస్తూ టోల్ గేట్లు విరగ్గొట్టారు. పొలానికి సున్నం తోలుకునే బండికి దారి పొడవునా గేటు గేటుకూ సుంకం కట్టలేకపోవడం దానికి ఒక ముఖ్య కారణం. చిత్తూరు దారిలో కారు ఫాస్టాగ్ బీప్‌మన్న ప్రతిసారీ మా తమ్ముడి కొడుకు ఇక్కడున్నన్నాళ్లూ "రెబెకమ్మా" అనేవాడు.

నవ్వు ఆగిపోయిన రాత్రి ట్రెవెరిన్ లోయది. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరానికి నీళ్ల కోసం ఆ లోయకు అడ్డంగా ఆనకట్ట కట్టడానికి, వేల్స్‌కు చెందిన ఎంపీలలో ఒక్కరూ అనుకూలంగా ఓటు వేయకపోయినా, 1957లో పార్లమెంటు చట్టం చేసింది. కాపెల్ కెలిన్ అనే ఊరు, అందులోని బడి, పోస్టాఫీసు, ప్రార్థనా మందిరం, శ్మశానం, పన్నెండు ఇళ్లూ కమతాలూ 1965 నాటికి నీటి కిందికి వెళ్లాయి. లోయలోని 67 మందిలో 48 మందికి ఇల్లు పోయింది. సంఖ్య చూస్తే చిన్నది. ఆ ఊరివాళ్లు పిల్లలను వెంటబెట్టుకుని, మా ఇళ్లు ముంచవద్దని అట్టలు పట్టుకుని 1956లో లివర్‌పూల్ వీధుల్లో నడిచిన నలుపు తెలుపు దృశ్యాన్ని నా భార్య వెనక్కి తిప్పించుకుని రెండోసారి చూసింది. "ఇదేందండీ, పట్నానికి నీళ్ల కోసరం ఊరినే ముంచేస్తారా" అని అడిగి, నేను జవాబు చెప్పకముందే తనే తలాడించింది. వాళ్ల పుట్టింటి దగ్గరి నుంచే తెలుగుగంగ కాలువ ఊత్తుకోట దాటి చెన్నై తాగునీటికి పోతుంది. ఆ నీళ్లు శ్రీశైలం జలాశయం నుంచి వచ్చేవి. ఆ జలాశయం కింద ఎన్ని ఊళ్లు పోయాయో మన వైపు అందరికీ తెలిసిందే, వేసవిలో నీరు తగ్గినప్పుడు బయటపడే సంగమేశ్వర ఆలయం ఏటా గుర్తు చేస్తూనే ఉంటుంది. చెన్నైకి నీళ్లు పోవడం తప్పని ఆమె అనలేదు, నేనూ అనను. చెన్నైలో మాకూ బంధువులున్నారు. లివర్‌పూల్ నగరపాలక సంస్థ 2005లో ఆ లోయవాసులకు క్షమాపణ చెప్పిందన్న వాక్యం తెర మీద వచ్చినప్పుడు మాత్రం, "మనల్ని ఎవరైనా అట్లా అడిగినారా" అన్నది. ఈ ఒక్క ఘట్టం కోసమైనా ఈ కార్యక్రమాలను తెలుగువాళ్లు చూడాలని నేను సిఫారసు చేస్తాను.

ఆ జలాశయం ప్రారంభోత్సవం 1965 అక్టోబరు 21న జరిగింది. సరిగ్గా ఏడాదికి, 1966 అక్టోబరు 21 ఉదయం, అబెర్‌వాన్ అనే ఊరి మీది కొండన పోసిన ఏడో నంబరు బొగ్గు గని వ్యర్థాల గుట్ట జారి పాంట్‌గ్లాస్ ప్రాథమిక పాఠశాల మీద పడింది. 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు చనిపోయారు. 2016లో యాభై ఏళ్లు నిండినప్పుడు దీని మీద చాలా కార్యక్రమాలు వచ్చాయి. నేను వాటిని సమీక్షించలేను. తవ్వుతున్నవాళ్లకు లోపలి నుంచి ఏదైనా చప్పుడు వినబడిందనిపిస్తే ఈల వేసేవారట, అందరూ పారలు ఆపి నిశ్శబ్దంగా నిలబడేవారట. ఆ నిశ్శబ్దం చోట పక్కింటాయన లేచి నిద్రపోతున్న మనవరాల్ని ఎత్తుకుని ఇంటికి వెళ్లిపోయారు. అయితే మిగిలిన గుట్టలను తొలగించే ఖర్చుకు బాధితుల సహాయ నిధి నుంచే ప్రభుత్వం లక్షా యాభై వేల పౌండ్లు తీసుకున్నదనీ, 1997లో గానీ తిరిగి ఇవ్వలేదనీ, ఇచ్చింది కూడా వడ్డీ లేకుండానేననీ తెలుసుకోవడానికైనా ఆ కార్యక్రమాల చివరి భాగం చూడక తప్పదు.

ఆ మనవరాలు మాకు ఇంకో రాత్రి పనికొచ్చింది. 19వ శతాబ్దంలో బడిలో వెల్ష్ మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్క ముక్క వేలాడదీసేవారు. దాని పేరు 'వెల్ష్ నాట్'. మరొకడు వెల్ష్ మాట్లాడుతూ దొరికితే అది వాడి మెడకు మారేది. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాడికి బెత్తం దెబ్బలు. "మా బళ్లో తెలుగు మాట్లాడితే పది రూపాయలు ఫైను, తాతా" అని ఆ పిల్ల తెర మీది నుంచి చూపు తిప్పకుండానే చెప్పింది. ఆ భాష అన్నింటినీ తట్టుకుని 2021 జనాభా లెక్కల నాటికి 17.8 శాతం మంది నోట నిలిచి ఉండటానికి టెలివిజన్ కూడా ఒక కారణమని మా తమ్ముడి కొడుకు వాదన. వెల్ష్ భాషలో చానల్ పెడతామన్న హామీ నుంచి థాచర్ ప్రభుత్వం వెనక్కి తగ్గితే, గ్విన్‌వోర్ ఎవాన్స్ అనే నాయకుడు 1980లో ఆమరణ నిరాహార దీక్షకు దిగుతానని ప్రకటించాడు. దీక్ష మొదలు కాకముందే ప్రభుత్వం దిగివచ్చి, 1982 నవంబరు 1న ఎస్‌ఫోర్‌సీ చానల్ మొదలైంది. రాష్ట్రం కోసం 58 రోజులు నిరాహారంగా ఉండి ప్రాణం వదిలిన పొట్టి శ్రీరాములు మనకు తెలుసు. టీవీ చానల్ కోసం ప్రాణం ఇస్తానన్నవాడి సంగతి నాకు కొత్త. మన తెలుగు చానళ్లను చూస్తున్నప్పుడు ఆ పోలిక గుర్తు రాకుండా ఉంటే బాగుండును.

ఇక లోపాలు. ఇంగ్లీషు యాస అర్థం కాదని మేము క్యాప్షన్లు పెట్టుకున్నాం; యంత్రం తనంతట తాను వేసే ఆ అక్షరాలు వెల్ష్ పేరు వచ్చిన ప్రతిచోటా బోల్తా పడ్డాయి. వెల్ష్‌లో ఒక్క ఎఫ్ అక్షరాన్ని 'వ' అని పలకాలి, డబ్ల్యూ అచ్చు, రెండు ఎల్లులు పక్కపక్కన వస్తే నాలుకను 'ల' దగ్గర పెట్టి గాలి మాత్రమే వదలాలి. ఆ ధ్వని మన వర్ణమాలలో లేదు కాబట్టి లెవెలిన్ అని నేను రాసినది సగం తప్పే. రెండోది, ఇవి మన దేశంలో నేరుగా దొరకవు. బీబీసీ ఐప్లేయర్ బ్రిటన్ బయట తెరుచుకోదు. మూడోది, రెండు ధారావాహికలూ బొగ్గూ ఇనుమూ ఎక్కడికి పోయాయో, ఎవరి పట్టాలయ్యాయో చెప్పడంలో పిసినారులు. ప్రపంచం వేల్స్ లోపలికి వస్తుంది గానీ వేల్స్ ప్రపంచంలోకి ఎట్లా వెళ్లిందన్నది పలచగా ఉంది.

చూడదలచినవాళ్లు 2012 నాటిదాన్ని ముందు చూసి, పేర్లూ కాలాలూ కొంత పట్టుబడ్డాక 1985 నాటి తగువులోకి దిగడం మంచిది. మేము తలకిందులుగా చూసి కొంత నష్టపోయాం. రోజుకు ఒక గంట మించవద్దు. మా తమ్ముడి కొడుకు తిరిగి కార్డిఫ్ చేరి పోయిన వారం ఫోన్ చేశాడు. సెలవు రోజున బస్సెక్కి కాపెల్ కెలిన్ ఉన్న చోటు చూసి వస్తానన్నాడు. పెద్దమ్మకు ఏం తేవాలని అడిగితే, నీళ్లు నిండుగా ఉన్నప్పుడొకటి, తగ్గినప్పుడొకటి రెండు ఫొటోలు తెమ్మంది ఆమె.